ఫోటోషాప్ కంటే ముందు ఒత్తులు నేర్చుకోండి

డిగ్రీ పూర్తవగానే గ్రాఫిక్ డిజైన్ వైపు వెళ్దామనుకునే పిల్లలు మొదట అడిగేది ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" ఫోటోషాపా, ఇలస్ట్రేటరా, కోరల్‌డ్రానా, కాన్వా సరిపోతుందా అని. తిరుపతిలోనో చిత్తూరులోనో ఉండి ఈ పని చేయాలనుకునేవాళ్లు ఆ ప్రశ్నను మూడో వరసకు నెట్టేయాలని నా గట్టి సలహా. మొదటిది తెలుగు అక్షరం. రెండోది ప్రెస్సు. సాఫ్ట్‌వేర్ ఆ తర్వాత.

మన ఊళ్లలో డిజైనర్ దగ్గరికి వచ్చే పనులేంటో చూస్తే కారణం తెలుస్తుంది. శుభలేఖలు, ఫ్లెక్సీలు, లాడ్జీల రేట్ల బోర్డులు, హోటల్ మెనూలు, స్కూల్ అడ్మిషన్ల కరపత్రాలు, జాతర పోస్టర్లు, బిల్‌బుక్కులు, మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్లు, పచ్చళ్ల సీసాల లేబుళ్లు. దాదాపు అన్నింట్లోనూ తెలుగు ఉంటుంది. దాదాపు అన్నీ కాగితం మీదో, ఫ్లెక్స్ మీదో, స్టిక్కర్ మీదో అచ్చవుతాయి. స్క్రీన్ మీద ఎంత ముద్దొచ్చినా అచ్చులో చెడితే ఆ పనికి డబ్బు రాదు. పైగా కాగితం, ప్లేట్లు (ఒక్కో రంగుకు ఒక్కోటి చొప్పున అచ్చుకు వాడే రేకులు), లామినేషన్ ఖర్చు డిజైనర్ నెత్తిన పడుతుంది. సాఫ్ట్‌వేర్ మెనూలు మూడు నెలల్లో చేతికి అలవాటవుతాయి. అక్షరం, అచ్చు అంత త్వరగా పట్టుబడవు, అందుకే వాటితో మొదలుపెట్టాలి.

అక్షరం మూడంతస్తుల మేడ

ఇంగ్లిష్ అక్షరాలు ఒక గీత మీద వరుసగా నిలబడతాయి. తెలుగు అక్షరానికి మూడంతస్తులు. నడుమ అక్షరం ఒళ్లు, పైన తలకట్టో గుడో ఎత్వమో, కింద ఒత్తు. బట్టల షాపు బోర్డు మీద 'వస్త్రాలయం' అనే మాట చూడండి. 'స' కింద తావత్తు, దానికి రావత్తు. ఆ మాట కింది వరుసలో 'గాంధీ రోడ్డు' అని వస్తే, 'ధీ' మీది గుడిదీర్ఘం పైకి లేచి పై వరుస ఒత్తులకు గుచ్చుకుంటుంది.

వరుసకూ వరుసకూ మధ్య దూరాన్ని లీడింగ్ అంటారు. సాఫ్ట్‌వేర్లు తమంతట తామే పెట్టే ఆటో లీడింగ్ అక్షరం సైజుకు 120 శాతం. 20 పాయింట్ల అక్షరానికి 24 పాయింట్ల వరుస. ఇది ఇంగ్లిష్ కొలత. తెలుగుకు 150 నుంచి 160 శాతం పెట్టాలి, అంటే 20 పాయింట్లకు 30 నుంచి 32. పుస్తకం, కరపత్రం లాంటి చదివించే పనుల్లో దీన్ని తగ్గించకండి. పెద్ద శీర్షికల్లో మాత్రం లెక్క వదిలేసి కంటితో చూడాలి. పై వరుసలో ఒత్తులు లేకపోతే దగ్గరకు లాగొచ్చు. ఒత్తు సరిగ్గా గుడి మీదే పడుతుంటే వరుసను ఇంకో మాట దగ్గర విరవండి, గుద్దుకోవడం పోతుంది. వరుసను ఎక్కడ విరవాలో తెలిసిన డిజైనర్ బోర్డును దూరం నుంచే గుర్తుపట్టొచ్చు.

అక్షరాల మధ్య ఖాళీ, అంటే ట్రాకింగ్, తెలుగులో సున్నా దగ్గరే ఉంచండి. ఇంగ్లిష్ శీర్షికలకు ట్రాకింగ్ పెంచితే హుందాగా ఉంటుంది కదా అని తెలుగుకూ పెంచితే, కొన్ని ప్రోగ్రాముల్లో ఒత్తులు తమ అక్షరాన్ని వదిలి పక్కకు జరుగుతాయి. స్థలం చాలక అడ్డంగా నొక్కడం కూడా 95 శాతం దగ్గర ఆపాలి. అంతకు మించి నొక్కితే నిలువు గీతలు సన్నబడి, అడ్డగీతలు అలాగే ఉండి అక్షరం వంకరపోతుంది. నొక్కే బదులు సన్నపాటి ఫాంటు వెతకండి.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు బోల్డ్ దగ్గరే. ఫాంటుకు బోల్డ్ లేకపోతే చుట్టూ స్ట్రోక్ గీసి లావు చేస్తారు. తెలుగులో ద, ధ, థ ఈ మూడింటికీ తేడా కింద చిన్న గీత, లోపల చిన్న చుక్క. స్ట్రోక్ పెరిగితే ఆ గీత అక్షరంలో కలిసిపోతుంది, చుక్క పూడుకుపోతుంది. 'వధువు' కాస్తా 'వదువు' అవుతుంది, 'వీధి' కాస్తా 'వీది' అవుతుంది, 'ఫలహారశాల' మొదటి అక్షరం 'ప' అయిపోతుంది. వేరే రంగు స్ట్రోక్ వేయాల్సివస్తే అక్షరం వెనకాల పడేలా చేయాలి. కోరల్‌డ్రాలో అవుట్‌లైన్ సెట్టింగుల్లో 'బిహైండ్ ఫిల్' టిక్ పెట్టండి. ఇలస్ట్రేటర్‌లో అప్పియరెన్స్ ప్యానెల్‌లో స్ట్రోక్‌ను అక్షరాల కిందికి లాగండి. అప్పుడు స్ట్రోక్ అక్షరం ఒంటిని తినదు. అక్షరం రంగులోనే స్ట్రోక్ వేస్తే మాత్రం ఇది పనిచేయదు, ఖాళీలు పూడుకుపోతాయి.

ఫాంటుల విషయంలో మనకిప్పుడు కరువు లేదు. సిలికానాంధ్ర చొరవతో వచ్చి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే వరుసలో మండలి, రామభద్ర, సూరన్న, సురవరం, మల్లన్న, పెద్దన, తిమ్మన, గురజాడ ఉన్నాయి. మన శ్రీకాళహస్తి ధూర్జటి పేరుతోనూ ఒకటుంది. మండలి చదివించే మ్యాటర్‌కు నప్పుతుంది, రామభద్ర లావుపాటి శీర్షికలకు. పుస్తకానికి తిరో తెలుగు, నోటో సెరిఫ్ తెలుగు చూడండి. అనేక్ తెలుగులో సన్నం నుంచి లావు దాకా, ఇరుకు నుంచి వెడల్పు దాకా అన్నీ ఒకే కుటుంబంలో ఉన్నాయి కాబట్టి లేబుళ్ల మీద ఇరుకు చోట్లకు అదే నా మొదటి ఎంపిక. వీటిని అచ్చు పనులకు వాడుకోవడానికి లైసెన్సు అడ్డు రాదు. బాపు చేతిరాతను చూసి నేర్చుకోవాల్సింది ఇంకోటుంది: అక్షరం ఎంత వంపు తిరిగినా ఏ అక్షరమో అనుమానం రాదు.

అను, యూనికోడ్ మధ్య గోడ

ప్రింటింగ్ షాపులో చేరితే మొదటిరోజే ఎదురయ్యే చిక్కు ఇది. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, అను ఫాంటులే నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ కొత్త వెర్షన్ తేలేదు. అయినా పాత ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి కాబట్టి షాపులు వదల్లేవు.

అను ఫాంటులో తెలుగు ముక్కలు ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగు కాదు, ఇంగ్లిష్ గుర్తుల వరుస. అందుకే ఆ మ్యాటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంది. 'క', పొల్లు, 'ర' వరుసగా ఉంటే ఫాంటు వాటిని కలిపి 'క్ర' అని గీస్తుంది. కస్టమర్ ఫోన్లో కొట్టి పంపే మ్యాటర్ యూనికోడ్, షాపులో సిస్టమ్ అను. మధ్యలో కన్వర్టర్. కన్వర్టర్ దాటి వచ్చిన మ్యాటర్‌లో రావత్తులు, 'క్ష', పొల్లు హల్లులు, కొటేషన్ గుర్తులు, రూపాయి గుర్తు ప్రత్యేకంగా చూసుకోవాలి, తప్పులు ఎక్కువగా అక్కడే. రెండు కీబోర్డులూ నేర్చుకోండి: షాపు పనికి అనులో యాపిల్ లేఅవుట్, మిగతావాటికి యూనికోడ్ ఇన్‌స్క్రిప్ట్. ఒక్కోదానికి రోజూ అరగంట చొప్పున నెలన్నర కూర్చుంటే వేళ్లకు వచ్చేస్తుంది.

యూనికోడ్‌లో ఒక చిన్న కిటుకు చాలామందికి తెలియదు. 'ఫ్లెక్స్' అనే మాటకు 'లో' చేర్చి మామూలుగా కొడితే 'స్', 'లో' కలిసిపోయి 'ఫ్లెక్స్లో' అని లావత్తు పడుతుంది. మనకు కావాల్సింది 'ఫ్లెక్స్‌లో'. రెండింటి మధ్య కంటికి కనపడని నాన్‌జాయినర్ అనే గుర్తు పెట్టాలి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో టైప్ మెనూలో ఇన్‌సర్ట్ స్పెషల్ క్యారెక్టర్, అందులో అదర్, అక్కడ నాన్‌జాయినర్ ఉంటుంది. ఇంగ్లిష్ మాటలకు తెలుగు విభక్తులు తగిలించే కరపత్రాల్లో ఇది పేజీకి పదిసార్లు అవసరపడుతుంది.

ఒత్తులు కలవకుండా 'క్ ర' అని విడివిడిగా పడుతున్నాయంటే తప్పు ఫాంటుది కాకపోవచ్చు, సెట్టింగుది. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలోకి వెళ్లి వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఇలస్ట్రేటర్‌లో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి, పేరాగ్రాఫ్ ప్యానెల్‌లో సౌత్ ఏషియన్ కంపోజర్ పెట్టండి. పాత ఫోటోషాప్‌లో టెక్స్ట్ ఇంజన్‌ను వరల్డ్-రెడీకి మార్చాలి. కొత్తవాటిలో ఆ బాధ లేదు. డబ్బు పెట్టి కొనలేనివాళ్లకు ఇంక్‌స్కేప్ ఉచితం, తెలుగు శుభ్రంగా చూపిస్తుంది, అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకే దగ్గర మాత్రం బలహీనం. ఏఐతో గీయించిన బొమ్మల్లో తెలుగు అక్షరాలు తరచూ తప్పుగా వస్తాయి. బొమ్మ వరకే తీసుకుని అక్షరాలు మీరే వేయండి.

ప్రెస్సుకు పంపే ముందు మ్యాటర్‌ను కర్వ్స్‌గా, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా, మార్చాలి, లేకపోతే అక్కడి సిస్టమ్‌లో ఆ ఫాంటు లేక మొత్తం తారుమారవుతుంది. కోరల్‌లో కంట్రోల్ క్యూ, ఇలస్ట్రేటర్‌లో కంట్రోల్ షిఫ్ట్ ఓ. అయితే ముందు మార్చని కాపీ వేరే పేరుతో సేవ్ చేసుకోండి. కర్వ్స్ అయ్యాక ఫోన్ నంబరులో ఒక్క అంకె మార్చాలన్నా మళ్లీ కొట్టుకోవాల్సిందే.

ప్రెస్సులో ఏం జరుగుతుంది

విజిటింగ్ కార్డుతో మొదలుపెడదాం. కత్తిరించాక సైజు 3.5 అంగుళాలు పొడవు, 2 అంగుళాలు ఎత్తు. ఫైలు మాత్రం 3.75, 2.25 చేయాలి. చుట్టూ ఆ అరపావు అంగుళం బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అదనపు అంచు. కార్డులు దొంతరగా పెట్టి కత్తి దించుతారు. దొంతరలో పైదానికి, కిందిదానికి మిల్లీమీటరు అటూఇటూ అవుతుంది. బ్లీడ్ లేకపోతే అంచున తెల్ల గీత మిగులుతుంది. అదే కారణంతో కార్డు అంచు పొడవునా సన్నని బోర్డర్ గీయకండి. ఒకవైపు లావుగా, ఒకవైపు సన్నగా పడి పని వంకరగా కనిపిస్తుంది. అక్షరాలు అంచుకు అరపావు అంగుళం లోపలే ఉండాలి.

నల్ల అక్షరాలు ఒక్క బ్లాక్ ప్లేటులోనే ఉండాలి: సయాన్ 0, మెజెంటా 0, ఎల్లో 0, బ్లాక్ 100. ఫోటోషాప్‌లో స్క్రీన్ కోసం వాడే ఆర్‌జీబీ నలుపును సీఎంవైకేకి మారిస్తే అది నాలుగు రంగుల్లోకీ చీలిపోతుంది. నాలుగు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా చిన్న అక్షరాల చుట్టూ ఎర్ర నీడ, నీలి నీడ కనిపిస్తుంది. పెద్ద నల్లటి బ్యాక్‌గ్రౌండుకు మాత్రం బ్లాక్ ఒక్కటే సరిపోదు, బూడిదగా వస్తుంది. సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 వేయండి. నాలుగూ కలిపి 300 దాటనివ్వొద్దు. దాటితే ఇంకు ఆరక వెనక కాగితానికి అంటుకుంటుంది.

నీలం ఊదాగా మారిందన్న గొడవ మరోటి. సయాన్ 100, మెజెంటా 100 వేస్తే అచ్చులో ఊదాయే వస్తుంది. మెజెంటాను 60, 70 దగ్గర ఆపండి. పసుపు, కుంకుమ రంగులు మన పనుల్లో రోజూ వాడతాం: పసుపుకు ఎల్లో 100, మెజెంటా 15 లేదా 20, కుంకుమకు మెజెంటా 100, ఎల్లో 100. స్క్రీన్ మీద మెరిసే చిలకపచ్చ అచ్చులో రాదు. ఆ సంగతి కస్టమర్‌కు ముందే చెప్పాలి, డెలివరీ రోజు కాదు. మ్యాట్ లామినేషన్ వేస్తే రంగులు ఇంకాస్త మందగిస్తాయని కూడా.

ఫోటోల దగ్గర వాట్సాప్ శత్రువు. ఫోటోగా పంపితే అది నొక్కేసి సుమారు 1600 పిక్సెళ్లకు తగ్గిస్తుంది. ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్ అచ్చుకు అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి, అంటే ఆ ఫోటో 5 అంగుళాలు దాటి సాగదు. ఏ4 కరపత్రం నిండా పరిస్తే మసకే. 'డాక్యుమెంట్'గా పంపమని మొదటి మెసేజ్‌లోనే చెప్పండి.

మూడు మడతల కరపత్రం అందరూ తప్పు చేసేది. ఏ4 అడ్డం 297 మిల్లీమీటర్లు. దాన్ని సమానంగా మూడు 99లు చేస్తారు. లోపలికి మడిచే రెక్క మిగతావాటికంటే కొంచెం తక్కువ ఉండాలి, లేకపోతే మడత దగ్గర ఇరుక్కుని ఉబ్బుతుంది. 100, 100, 97 చేయండి. బయటి పేజీలో ఎడమ నుంచి 97, 100, 100. లోపలి పేజీలో 100, 100, 97. ఒకసారి తెల్లకాగితం మడిచి, ప్రతి ముఖం మీదా నంబరు వేసి, విప్పి చూసుకుంటే ఎప్పటికీ మర్చిపోరు. కాగితం 170 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) దాటితే మడతకు ముందు క్రీజింగ్, అంటే మడత గీత నొక్కించడం, చేయించాలి. ముదురు రంగు మడత మీద పడితే అక్కడ పగిలి తెల్లగా కనిపిస్తుంది.

శుభలేఖకు సొంత నియమాలున్నాయి. పంచేముందు నాలుగు మూలలా పసుపు రాస్తారు కాబట్టి మూలల్లో అరంగుళం దాకా అక్షరాలు, ముఖాలు పెట్టకండి. బంగారు ఫాయిల్ వేసే భాగాన్ని వేరే ఫైలుగా, పూర్తి నలుపులో, వెక్టర్‌గా (పిక్సెళ్లు కాకుండా గీతలుగా) ఇవ్వాలి. ఫాయిల్‌లో సన్నని ఖాళీలు పూడుకుపోతాయి. పేర్లకు ఫాయిల్ సరే, అడ్రసుకు వద్దు.

బిల్‌బుక్కు చిన్న పని అనుకోవద్దు. జీఎస్‌టీ నంబరు 15 అక్షరాలుంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైనదైతే మొదటి రెండంకెలు 37, తర్వాత పది అక్షరాలు యజమాని పాన్. పాత బిల్లు చూసి కొడుతున్నప్పుడు అది 14 అక్షరాలే ఉన్నా, 37తో మొదలవకపోయినా అక్కడే ఆగి అడగండి.

ఫ్లెక్సీ లెక్క

ఫ్లెక్సీ చదరపు అడుగుల లెక్కన అచ్చవుతుంది. 10 అడుగులు వెడల్పు, 6 అడుగులు ఎత్తు అంటే 120 అంగుళాలు, 72 అంగుళాలు. అంగుళానికి 72 పిక్సెళ్లు చాలు: 8640 పిక్సెళ్లు, 5184 పిక్సెళ్లు. సాఫ్ట్‌వేర్ అంత పెద్ద సైజు ఒప్పుకోకపోతే పదో వంతు సైజులో, అంటే 12, 7.2 అంగుళాల్లో 720 పిక్సెళ్ల చొప్పున చేసి ఫైలు పేరులోనే ఆ సంగతి రాయండి. 20 అడుగుల హోర్డింగు దూరం నుంచే చూస్తారు కాబట్టి అంగుళానికి 30, 40 చాలు.

ఫ్రేముకు చుట్టి కొట్టేటప్పుడు నాలుగు వైపులా సుమారు 3 అంగుళాలు వెనక్కి పోతుంది. ఆ మేరకు బ్యాక్‌గ్రౌండు ఎక్కువ ఇచ్చి, అక్షరాలను ఇంకా లోపలికి జరపండి. రోల్ వెడల్పు ఎంతో షాపులో ముందే అడగాలి. 10 అడుగుల రోల్ మీద 11 అడుగుల ఎత్తు కావాలంటే అతుకు పడుతుంది. అతుకు ఎక్కడ పడుతుందో తెలిస్తే దేవుడి ముఖం మీద పడకుండా జరపొచ్చు.

అక్షరాల సైజుకు నేను నమ్మే లెక్క: 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు. రోడ్డుకు అవతల 40 అడుగుల నుంచి చదవాలంటే 4 అంగుళాలు. తెలుగులో ఆ కొలత నడిమి అంతస్తుకే, ఒత్తులు, గుడులు కలపకుండా. తిరుపతి లీలామహల్ సర్కిల్లో బైకు మీద పోయేవాడికి దొరికేది రెండు మూడు క్షణాలు. ఐదారు మాటలు దాటితే చదవడు. 20 మంది ఫోటోలు పెట్టమని కస్టమర్ పట్టుబడితే కాదనలేం, కానీ ఊరు, తేదీ, సమయం ఉన్న వరుసకు మాత్రం చోటు తగ్గించొద్దు.

100 మైక్రాన్ల కంటే పలచటి ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్ల మీద దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధం ఉంది. గుడ్డ బ్యానర్ల మీద ఇంకు కొంచెం పీల్చుకుంటుంది, సన్నని అక్షరాలు అలుక్కుపోతాయి. గుడ్డకు లావు ఫాంటు, తక్కువ రంగులు.

లేబుల్: చట్టం చెప్పే డిజైన్

చిత్తూరు అంటే తోతాపురి, గుజ్జు ఫ్యాక్టరీలు. ఇంట్లో పచ్చళ్లు, పొడులు, చిరుధాన్యాల లడ్డూలు చేసి అమ్మేవాళ్లు కూడా పెరుగుతున్నారు. లేబుల్ పని తెలిసిన డిజైనర్‌కు ఇక్కడ పని దొరుకుతూనే ఉంటుంది, ఎందుకంటే ఈ పనిలో అందం ఒక్కటే చాలదు. ఆహారం పేరు, వాడిన పదార్థాలు, పోషక విలువలు, నికర బరువు, ఎమ్మార్పీ, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, తయారీదారు చిరునామా, కస్టమర్ కేర్ వివరాలు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు. ముందు వీటన్నిటికీ చోటు గీసుకుని, మిగిలిన చోట డిజైన్ చేయాలి. తలకిందులుగా చేస్తే చివర్లో వివరాలన్నీ చీమల్లా ఇరికించాల్సి వస్తుంది.

శాకాహార గుర్తుకు కొలత ఉంది. ముందు ముఖం విస్తీర్ణం 100 చదరపు సెంటీమీటర్ల లోపైతే పచ్చ చుక్క వ్యాసం కనీసం 3 మిల్లీమీటర్లు, 100 నుంచి 500 దాకా 4 మిల్లీమీటర్లు. చుట్టూ చతురస్రం భుజం దానికి రెట్టింపు. బార్‌కోడ్ మామూలు సైజు 37.29, 25.93 మిల్లీమీటర్లు. 80 శాతం కంటే చిన్నది చేయొద్దు, రెండు పక్కలా తెల్ల ఖాళీ తినొద్దు. లేబుల్ రంగుకు నప్పుతుందని బార్లను ఎరుపులో వేస్తే స్కానర్ చదవదు, దాని వెలుతురూ ఎరుపే కాబట్టి ఎర్ర గీతలు దానికి తెల్లకాగితంలాగే కనిపిస్తాయి. తెలుపు మీద నలుపే మేలు. గుండ్రటి చిన్న సీసా మీద గీతలు నిచ్చెన మెట్లలాగా అడ్డంగా పడేట్టు బార్‌కోడ్‌ను తిప్పండి. మెట్లు సీసా పైకి పేర్చినట్టుంటే వంపులో దాగిపోవు.

శ్రీకాళహస్తి కలంకారీ బొమ్మలు వాడుకోవాలనే కోరిక ఇక్కడి డిజైనర్లందరికీ ఉంటుంది, ఉండాలి కూడా. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, బెల్లం, ఇనుము పులియబెట్టిన నలుపుతో వెదురు కలం గీసిన గీత అది. కలం తడి తగ్గేకొద్దీ గీత సన్నబడుతుంది, ఆ ఒడిదుడుకే దాని జీవం. స్కాన్ చేసి ఆటోమేటిక్ ట్రేస్ కొడితే గీత అంతా ఒకే లావుకు చదునైపోతుంది. 600 డీపీఐలో స్కాన్ చేసి, పెన్ టూల్‌తో రెండు అంచులనూ విడిగా గీయండి. కళాకారుల దగ్గర అనుమతి తీసుకుని, డబ్బిచ్చి గీయించుకుంటే ఇంకా మంచిది. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి, మిషన్ మీద అచ్చేసిన గుడ్డ లేబుల్ మీద 'శ్రీకాళహస్తి కలంకారీ' అని రాయకూడదు. కస్టమర్ అడిగినా.

ఐదు భాషల బోర్డు

తిరుపతికే చెందిన నైపుణ్యం ఇది. కొండకు వచ్చేవాళ్ల కోసం లాడ్జీ, హోటల్, లగేజీ కౌంటర్ బోర్డుల మీద తెలుగు, తమిళం, కన్నడం, హిందీ, ఇంగ్లిష్ పక్కపక్కనే ఉండాలి. తమిళంలో ఒత్తులు లేవు కానీ మాట వెడల్పు పెరుగుతుంది. హిందీ తలగీతకు వేలాడుతుంది. కన్నడం మనలాగే మూడంతస్తులు. అన్నింటికీ ఒకే పాయింటు సైజు ఇస్తే ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా కనిపిస్తుంది. ముందు తెలుగు పెట్టుకుని, దాని నడిమి అంతస్తు ఎత్తుకు మిగతావాటిని కంటితో సరిచేయండి; ఇంగ్లిష్ సాధారణంగా 85, 90 శాతానికి తగ్గించాల్సి వస్తుంది. నోటో, అనేక్ కుటుంబాల్లో ఈ లిపులన్నీ ఒకే చేతివాటంతో ఉన్నాయి కాబట్టి పని తేలిక. తితిదే సప్తగిరి మాసపత్రిక ఆరు భాషల్లో వస్తుంది. ఒకే పేజీని ఆరు సంచికల్లో పక్కపక్కన పెట్టి చూడటం మంచి పాఠం. అనువాదం మాత్రం మిషన్‌తో చేసి అలాగే వేయకండి. ఆ భాష చదివే ఒక్క మనిషికి ఫోటో పంపి చూపించండి. చిత్తూరులో తమిళం చదివేవాళ్లు దొరకడం కష్టమేమీ కాదు.

చదువు, ఉద్యోగం, డబ్బు

డిగ్రీగా చదవాలనుకునేవాళ్లకు దారులున్నాయి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఆంధ్రప్రదేశ్‌లో నాలుగేళ్ల బీడెస్ (డిజైన్ డిగ్రీ) ఉంది, దానికి డీఏటీ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) రాయాలి. ఐఐటీల బీడెస్‌కు ఐఐటీ బొంబాయి నిర్వహించే యూసీడ్ పరీక్ష. హైదరాబాద్ ఐఐటీలోనూ ఆ కోర్సు ఉంది. ఏ గ్రూపుతో ఇంటర్ చదివినా రాయొచ్చు. లలితకళల డిగ్రీ బీఎఫ్ఏలో అప్లైడ్ ఆర్ట్ కోసం హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ), కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఈ పరీక్షల్లో సాఫ్ట్‌వేర్ అడగరు, చూసి గీయడం, ఆలోచించడం అడుగుతారు. కాబట్టి ఇంటర్ మొదటి ఏడాది నుంచే రోజుకు గంట స్కెచ్‌బుక్కు కావాలి.

డిగ్రీ లేకపోతే ప్రింటింగ్ షాపులో ఆరు నెలలు పని చేయడమే నా దృష్టిలో ఉత్తమమైన శిక్షణ. జీతం తక్కువే ఉంటుంది. కానీ ప్లేటు ఎలా ఎక్కుతుందో, కత్తి ఎలా దిగుతుందో కళ్లారా చూస్తారు. ఆ తర్వాత చెన్నైకో బెంగళూరుకో వెళ్లి ప్యాకేజింగ్, యాప్ డిజైన్ వైపు మళ్లినా ఈ పునాది పనికొస్తుంది. తెలుగును పొరపాటు లేకుండా కూర్చగలవాళ్లు ఆ ఊళ్లలో సులువుగా దొరకరు.

పోర్ట్‌ఫోలియోలో 30 పనులు కుక్కకండి. 8 చాలు: ఒక శుభలేఖ, ఒక లేబుల్, ఒక ఐదు భాషల బోర్డు, ఒక మడతల కరపత్రం, ఒక లోగో, మిగతావి మీ ఇష్టం. స్క్రీన్ బొమ్మతో పాటు అచ్చయిన వస్తువును పగటి వెలుతురులో తీసిన ఫోటో పెట్టండి. ప్రతి పని కింద సైజు, కాగితం, రంగులు ఎందుకు ఎంచుకున్నారో రెండు వరుసలు రాయండి.

సొంతంగా చేసేటప్పుడు డిజైన్ రేటు, అచ్చు రేటు విడివిడిగా రాసివ్వండి. 'ప్రింటింగ్ ఇస్తే డిజైన్ ఫ్రీ' అనే అలవాటు ఈ వృత్తిని చాలా దెబ్బతీసింది. సగం అడ్వాన్సు, రెండుసార్లు మార్పులు ఉచితం, మూడోసారి నుంచి లెక్క అని ముందే చెప్పాలి. ముహూర్తాల నెలల్లో పని గుట్టలుగా వస్తుంది, ఆషాఢంలో, మూఢంలో శుభలేఖలు ఉండవు. ఆ ఖాళీ నెలలకు లేబుళ్లు, స్కూలు పనులు, క్యాలెండర్లు చూసి పెట్టుకోండి.

ఇక ప్రూఫ్. ఎంత బాగా వచ్చినవాళ్లనైనా ముంచేది ఇదే. శుభలేఖలో ముందు తేదీకి, వారానికి పొంతన క్యాలెండర్లో చూడండి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే మరింత జాగ్రత్త: పంచాంగంలో రోజు సూర్యోదయంతో మారుతుంది, ఇంగ్లిష్ తేదీ 12 గంటలకే మారుతుంది. 'గురువారం రాత్రి 2.15 గంటలకు, తెల్లవారితే శుక్రవారం' అని పూర్తిగా వేసి, పక్కన వేసిన ఇంగ్లిష్ తేదీ శుక్రవారానిదే అని చూసుకోండి. ఫోన్ నంబర్లను వెనక నుంచి ముందుకు చదవండి, కన్ను అలవాటుగా దాటేయదు. కార్డు మీదున్న నంబరుకు ఒకసారి కాల్ చేయండి. ఇంటిపేర్లను కస్టమర్ చేతే గట్టిగా చదివించండి. ప్రూఫ్ ఫోన్లో చూపించి సరేననిపించుకోవడం చాలదు. అసలు సైజులో ప్రింటు తీసి, తేదీ వేసి, వాళ్ల చేత సంతకం పెట్టించుకున్నాకే ప్లేటుకు పంపండి. ఆ కాగితం డెలివరీ అయ్యేదాకా మీ దగ్గరే ఉండాలి.